మా కళాశాల ఫుట్‌బాల్ జట్టు: 1977

మన విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన వెలసినది మొదలు ఈ మైక్రోఫోను ముందు కూర్చుండి కవులు కవిత్వమును గూర్చియు, వైద్యులు వ్యాధులను గూర్చియు, రైతులు పైరులను గూర్చియు ప్రసంగించిరి. నేను ప్రసంగింపబోవునది యొక తోలుబంతిని గూర్చి. ఆ బంతి వెంట ఒక సంవత్సరము పరుగెత్తిన పదునలుగురు పిల్లలను గూర్చి.

గెలిచిన జట్ల చరిత్ర చెప్పువారు చాలమంది కలరు. మాది గెలిచిన జట్టు కాదు. అట్లని చెప్పదగని జట్టును కాదు. కళాశాల పేరును ఆటగాండ్ర పేరులను నేను చెప్పను. వారిలో కొందరు నేటికిని ఈ పట్టణముననే యున్నారు. తాతలైనారు. తమ పేరు రేడియోలో వినవచ్చినచో సిగ్గుపడుదురు. ఎవరు ఏ స్థానమున నాడిరో ఆ స్థానమే వారికి పేరుగా వాడెదను. నేను ఎడమవైపు వెనుక నాడెడివాడను. అనగా గోల్‌కీపరునకు అందరికంటె చేరువగా నుండువాడను.

గుణదల యనగనే మీలో ననేకులకు కొండమీది మేరీమాత గుడియు, ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరుగు తిరునాళ్లును స్ఫురించును. 1924లో ఆర్లాటి యను ఇటలీదేశపు గురువు అక్కడ లూర్దుమాత విగ్రహమును నిలిపెను. ఏటేట లక్షల జనము వచ్చి కొండ నెక్కుచున్నారు. మాకు మాత్రము గుణదల యనగా కొండకును ఏలూరు కాలువకును నడుమనున్న యొక మైదానము. తూర్పున కాలువగట్టు, పడమట తాటిచెట్ల వరుస. ఉదయము మా మాష్టారు మమ్ము కాలువగట్టు వెంట రామవరప్పాడు దిక్కుగా పరుగెత్తించి తిరిగి తెచ్చెడివారు. కొండ మెట్లెక్కించిన కాళ్లకు ఇంకను బలము వచ్చునని మాలో నొకడనగా, "అది భక్తులు ప్రార్థన చేయుచు నెక్కు దారి. మీరు చెమటలు క్రక్కుచు నెక్కుటకు కాదు" అని మాష్టారు మందలించిరి. ఆ మాట మరల నెవ్వరు నెత్తలేదు.

నేల సంగతి చెప్పక ఈ ఆట సంగతి చెప్పుట వ్యర్థము. కలకత్తాలో ఫుట్‌బాలు వానకాలపు ఆట. పచ్చగడ్డిమీద నీరు నిలిచినను అక్కడివారు ఆడుదురు. మన నల్లరేగడిమీద అది సాగదు. ఆషాఢపు మొదటి వానకు మైదానము పిసికిన పిండివలె నగును. నాలుగడుగులు వేయునప్పటికి బూటున కంటిన మట్టి బూటుకంటె బరువగును. బంతి యెగురదు, దొరలదు, పడినచోటనే కూర్చుండును. ఎండ కాసెనా, అదే నేల పగుళ్లిచ్చి అందులో మడమ దిగునంత సందులు విచ్చును. నడుమ కొన్ని వారములు మాత్రము, అనగా కార్తికము నుండి మాఘము వరకు, ఆ నేల మనుష్యులతో స్నేహముగా నుండును. అందుచే మా ఆటకాలములో మొదటి సగము బురదతో పోరాటమును, రెండవ సగము ఎదుటి జట్టుతో పోరాటమును అయి యుండెడిది.

జులైలో కళాశాల తెరచినపుడు మా కున్న సంపద యిది: బంతులు మూడు. అందొకటి తోలు పిగిలి లోని రబ్బరు తిత్తి బయటికి తొంగి చూచుచుండెను. బూట్లు ఏడు జతలు. ఆడువారు పదునలుగురు. ఆ బూట్ల అడుగున తోలు బొడిపెలను మేకులతో దిగగొట్టెడివారు. కొంతకాలమునకు బొడిపె యరిగి మేకు పైకి వచ్చి పాదమున గ్రుచ్చుకొనెడిది. ఒకనాటి బూటులో అట్ట ముక్కయు, మరునాటి బూటులో పాత పత్రిక మడతయు లేక మాలో నెవ్వడును ఆడి యెరుగడు. పెద్ద పాదములవాడు చిన్న బూటులో కుంటెడివాడు. చిన్న పాదములవాడు గుడ్డపేలికలు కూరుకొనెడివాడు.

బూట్లు లేకున్న నేమి, వట్టి కాళ్లతో నాడరాదా యని మీ రడుగవచ్చును. మాలో సగముమంది పల్లెటూళ్లనుండి వచ్చినవారే. కోతకోసిన మడిలో వరిదుబ్బులమీద వట్టి కాళ్లతో నాడి పెరిగినవారే. మన దేశపు జట్టు 1948లో లండను ఒలింపిక్సునందు ఫ్రాన్సుతో తలపడినపుడు చాలమంది వట్టి కాళ్లతోనే యాడిరి. ఒకటికి రెండు గోళ్ల తేడాతో ఓడినను ప్రజలు మెచ్చుకొనిరి. కాని 1952లో హెల్సింకీయందు యుగోస్లావియా మనమీద పది గోళ్లు కొట్టెను. మన మొకటి కొట్టితిమి. చలియు తడియు గల నేలపై వట్టి పాదము నిలువదని ఆనాడు తెలిసివచ్చెను. పిమ్మట మన దేశమున బూటు తప్పనిసరి యయ్యెను. ఆ నియమము పెద్ద పోటీలనుండి క్రమముగా కళాశాలల వరకు దిగి, చివరకు మా పల్లెటూరి కాళ్లకు చుట్టుకొనెను.

మా మాష్టారు హైదరాబాదునుండి వచ్చినవారు. బాల్యమున హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆట చూచి పెరిగినవారు. శ్రోతలలో చిన్నవారికి ఆ జట్టు పేరు తెలియకపోవచ్చును. 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలిచిన జట్టది. దానిని తీర్చిదిద్దినవారు సయ్యద్ అబ్దుల్ రహీమ్‌గారు. ఆయన తొలుత బడిపంతులు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివినవారు. ఆయన శిక్షణలో మన దేశపు జట్టు 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడల స్వర్ణపతకమును పొందెను. 1956లో మెల్బోర్నునందు ఆస్ట్రేలియాను నాలుగు రెండుగా ఓడించి ఒలింపిక్సులో నాలుగవ స్థానము నందెను. సికిందరాబాదు చేరువ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జట్టులోనివాడే. జకార్తా విజయము గడచి యేడాది నిండకమునుపే, 1963 జూన్ 11వ తేదీన, రహీమ్‌గారు వ్యాధిచే మరణించిరి. మా మాష్టారు ఆ పేరు పలుకునపుడు కూర్చున్నవారు లేచి నిలుచుండెడివారు.

రహీమ్‌గారి పద్ధతులలో రెండింటిని మా మాష్టారు గుణదలకు తెచ్చిరి. మొదటిది, బంతిని కాలివద్ద నుంచుకొని ఎవ్వడును గిరికీలు కొట్టరాదు. వచ్చిన బంతిని వెంటనే తోటివానికి పంపవలయును. రెండవది, కుడికాలివాడు ఎడమకాలితోనే ఆడవలయును. వారమున నొక దినము ఈ రెండవ ఆట జరుగుచుండెను. కాలువగట్టుమీద పోవు బండ్లవారు ఎడ్ల నాపి మా వంక చూచి నవ్వెడివారు. గట్టిగా పరుగెత్తి వచ్చి బంతిని కాదని నేలను తన్నువాడొకడు. తన్నబోయి తానే కూలబడువాడొకడు. నెల తిరుగునప్పటికి బండ్ల వారి నవ్వు తగ్గెను. నా మట్టుకు నాకు పుట్టుకతో ఎడమకాలే వాటమగుటచే ఆ దినములలో నేనే రాజును. మిగిలిన దినములలో నాకు ప్రత్యేకత యేమియు లేకుండెను.

ఇక జట్టు. మా నాయకుడు సెంటరు హాఫు. కంకిపాడు ప్రాంతపు రైతుబిడ్డ, మాట తక్కువ, భుజము లెక్కువ. కుడి అంచున నాడువాడు బెజవాడ రైల్వే కాలనీలో పుట్టి పెరిగినవాడు. రైల్వేవారి పిల్లలకు ఈ ఆట ఉగ్గుపాలతో వచ్చినది. మన పట్టణమునకు ఫుట్‌బాలు నేర్పినది రైలే యని నా అభిప్రాయము. ముందు నడుమ నాడువాడు బియ్యపు మిల్లు గుమాస్తాగారి కుమారుడు. గోలు కొట్టినపుడు తప్ప తక్కిన వేళల ఎప్పుడును అలసియే కనబడును. మా గోల్‌కీపరు దివిసీమవాడు. అతనిని మేమందరము గోలీ యని పిలిచెడివారము.

గోలీది నాగాయలంకకు దిగువ, సముద్రమునకు చేరువనున్న యొక పల్లె. తండ్రి వేటకు పోవువాడు. ఆ పల్లెనుండి కళాశాల కెక్కినవారిలో ఇతడే మొదటివాడు. గాలిలో వచ్చు బంతిని ఇతడు పట్టు తీరు చిత్రముగా నుండెడిది. రెండు చేతులును చాచి, బంతి తాకిన క్షణమున చేతులను తనవైపు లాగుకొనెడివాడు. పడవ మీద నుండి విసరిన త్రాటిని అందుకొనువాడట్లే చేయునని అతడే చెప్పెను. త్రాటిని గట్టిగా ఎదుర్కొనిన చేయి కోసికొనిపోవును. దానితో పాటు వెనుకకు పోవలయును. మా మాష్టారు దీనిని విని, "ఇది ఏ పుస్తకమునను లేదు" అని, మిగిలిన మా చేతను అట్లు పట్టించిరి.

మా గోలు కొయ్యలకు వలలు లేకుండెను. వలలేని గోలులో బంతి లోపలినుండి పోయెనా, బయటినుండి పోయెనా యని ప్రతి ఆటయందును తగవే. అంగడిలో వల వెల అడుగగా, అది మా బూట్ల ఖర్చును మింగునట్లుండెను. ఆగస్టు నెలలో గోలీ సెలవునకు ఇంటికి పోయి, తిరిగి వచ్చునపుడు బస్సుపైన రెండు మూటలు వేసికొని వచ్చెను. తండ్రి నైలాను దారముతో అల్లిన వలలవి. కన్ను జానెడు వెడల్పు. చేపల వలకు ఏనాడును అంత పెద్ద కన్ను పెట్టి యెరుగక, "ఇందులో ఏ చేప నిలుచునురా?" యని తండ్రి యడిగెనట. వెదురు సూదితో ఇరువది రాత్రులు కూర్చుండి అల్లెనట. వానిని కొయ్యలకు కట్టిన దినమున మేము బంతిని ఊరక లోపలికి తన్నుచు, వల పొంగి బంతిని మెల్లగా జారవిడుచుట చూచుచు ప్రొద్దు క్రుంకువరకు నిలిచితిమి. నాగార్జున విశ్వవిద్యాలయము 1976లో ఏర్పడి అప్పటికి ఏడాదియే గడచినది. కృష్ణా, గుంటూరు, ప్రకాశము జిల్లాల కళాశాలలు అందు చేరి యుండెను. మా మైదానమునకు వచ్చిన జట్లవారు బంతి మాట యటుంచి ముందుగా వల నంటి చూచెడివారు.

సెప్టెంబరు 24వ తేదీన కలకత్తా ఈడెన్ తోటలో పెలే ఆడెను. న్యూయార్కు కాస్మోసు జట్టుతో వచ్చి మోహన్ బగానుతో తలపడెను. వానకు నేల నానియుండెను. ఆట రెండు రెండుగా సమానమయ్యెను. మరునాటి పత్రికను మా వసతిగృహమున ఒకడు చదువుచుండగా తక్కిన వారము చుట్టు మూగితిమి. బగాను పక్షమున గోలు కొట్టినవారిలో మహమ్మద్ హబీబు మన హైదరాబాదువాడు. మాష్టారు ఆనాడు మాకందరకు టీ ఇప్పించిరి. గోలీకి మాత్రము హబీబు గొడవ లేదు. బగాను గోల్‌కీపరు శివాజీ బెనర్జీ పెలే కాళ్లవద్దకు దూకి బంతిని లాగుకొనెనన్న వార్తను అతడు కత్తిరించి తన పెట్టె మూతకు లోపల అంటించుకొనెను. అటుపిమ్మట రెండు వారములు అతడు మా యందరి కాళ్లమీదికి దూకినందున మాలో ముగ్గురికి మోకాళ్లు వాచెను.

అక్టోబరులో మా భాగపు పోటీలు నడచెను. వానిని క్లుప్తముగా చెప్పెదను. బందరునుండి వచ్చిన జట్టుతో బురదలో సమానముగా నిలిచితిమి. తెనాలి వారిని ఒక గోలుతో గెలిచితిమి. ఆ గోలు మా రైల్వే పిల్లవాడు ఎడమకాలితో కొట్టినది. గుంటూరివారు మమ్ము మూడు గోళ్లతో ఓడించిరి. వారితో ఓడుట మాకు అవమానముగా తోచలేదు. వారి బూట్లు అందరికి నుండెను. లెక్కలు కూడి తీసివేయగా మేము చివరి నాలుగు జట్లలో నిలిచితిమి. చివరి ఆటలు నవంబరు నెలాఖరున గుణదలలో, మా మైదానముననే జరుగునని నిర్ణయింపబడెను. దీపావళి దాటెను. నేల ఆరెను. గడ్డి కొంచెము మొలచెను. ఆ వారముల మా జట్టు ఆడినట్లు అంతకు ముందుగాని తరువాతగాని ఆడలేదని చెప్పగలను.

నవంబరు 12వ తేదీన నాగపట్టణము ప్రాంతమున నొక తుపాను తీరము దాటెను. అది పోయెనని అందరును ఊపిరి పీల్చుకొనిరి. పరీక్ష రుసుము తెచ్చుకొనుటకై గోలీ 17వ తేదీన ఇంటికి పోయెను. ఆదివారము సాయంకాలమునకు వచ్చెదనని చెప్పెను.

19వ తేదీ శనివారము. ఉదయము నుండి వాన. సాయంకాలమునకు గాలి పెరిగెను. మైదానపు పడమటనున్న తాటిచెట్లు విల్లులవలె వంగుచు లేచుచుండెను. దీపములు పోయెను. రాత్రియెల్ల వసతిగృహపు తలుపులకు మంచములు అడ్డుపెట్టి కూర్చుంటిమి. తెల్లవారి చూడగా కాలువగట్టున చెట్లు కూలి యుండెను. మా గోలు కొయ్య యొకటి నడుమకు విరిగి వలలో చిక్కుకొని వ్రేలాడుచుండెను. ఇంతకంటె పెద్ద నష్టము మా కంటికి కనబడలేదు. ఉప్పెన సంగతి మాకు తెలియదు. దివిసీమతో తంతి లేదు, దారి లేదు. రెండుమూడు దినములు గడచినగాని వార్త సరిగా రాలేదు.

జరిగినదిది. తుపాను నడిమిభాగము కృష్ణకు పడమరగా చీరాల, నిజాంపట్నము ప్రాంతమున తీరము దాటెను. మన యర్ధగోళమున తుపాను గాలి అపసవ్యముగా తిరుగును గనుక, దాని కుడిభుజమున పడినచోట గాలి సముద్రమును నేలమీదికి నెట్టును. ఆ కుడిభుజమున పడినది దివిసీమ. కృష్ణ పులిగడ్డవద్ద రెండు పాయలై విడిపోయి కడలిని చేరు నడుమ నేల అది. సముద్రమునకు మూరెడు ఎత్తు కూడ లేని చోటులు కలవు. ఎదుటి సముద్రమును లోతులేనిది. త్రోయబడిన నీరు అడుగునకు పోవుటకు తావు లేక పైకి లేచును. పదునారడుగులకు మించిన నీరు గోడవలె వచ్చి మైళ్లకొలది లోపలికి పోయెను. సొర్లగొంది వంటి ఊళ్లు దాదాపు తుడుచుకొనిపోయెను. చనిపోయినవారు పదివేలకు చేరువయని ప్రభుత్వపు లెక్క. అంతకంటె హెచ్చని అక్కడివారి మాట.

వార్త తెలిసిన సాయంకాలము మా నాయకుడు ఎవరినేమియు అడుగక కళాశాల వంటయింటికి పోయి ఖాళీ గోనెలు తెచ్చి మా ముందు పరచెను. పట్టణమంతయు అట్లే కదలినది. ఇండ్ల ముందు పులిహోర పొట్లములు కట్టుచుండిరి. మా జట్టులోని పదుమువ్వురమును బియ్యము, కిరసనాయిలు, అగ్గిపెట్టెలు, పాత బట్టలు, తెల్లపొడి డబ్బాలు వేసికొని ఒక లారీలో బయలుదేరితిమి. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి. అడుగడుగున కూలిన చెట్లు. కొందరు రంపములతో ముందు నడచుచుండిరి. పులిగడ్డ దాటిన తరువాత మాలో నెవ్వరును మాటలాడలేదు. కోతకు వచ్చిన వరి ఉప్పునీటిలో మునిగి బూడిదరంగు తిరిగి యుండెను. పశువులు కాలువలలో అడ్డముగా నిండి యుండెను. ఇంతకంటె నేను వర్ణింపను. చూచినవారికి అవసరము లేదు, చూడనివారికి చెప్పి ప్రయోజనము లేదు. అవనిగడ్డయందు శ్రీ మండలి వెంకట కృష్ణారావుగారు సహాయము పంచుటలో రాత్రింబవళ్లు తిరుగుచుండిరి. మమ్ము ముందు శవదహనమునకు పంపిరి. పదునెనిమిది, పందొమ్మిది యేండ్ల పిల్లలము. మూడు దినములు ఆ పని చేసితిమి.

నాలుగవనాడు గోలీ కనబడెను. నాగాయలంకవద్ద గంజి పోయుచున్న పందిరి క్రింద, ఒక కుఱ్ఱవాని చేయి పట్టుకొని వరుసలో నిలిచి యుండెను. మా రైల్వే పిల్లవాడు ముందు చూచెను. "ఒరేయ్ గోలీ!" యని కేకవేసి, ఆ వెంటనే నోరు మూసికొనెను. గోలీ మమ్ము చూచి, "అందరు వచ్చారా?" అనెను. ఆ మాట తప్ప చాలసేపు మరేమియు అనలేదు.

తల్లిని తమ్ముని తీసికొని బడి కప్పుమీది కెక్కెనట. ఆ ఊరిలో గట్టి కట్టడము అదియొక్కటే. తండ్రి పడవను చెట్టునకు కట్టి వచ్చెదనని పోయెను. తండ్రి శరీరము దొరకలేదు. ఆ దొరకకపోవుటయే తల్లికి పెద్ద చిక్కయ్యెను. కర్మ చేయవలెనా, ఎదురుచూడవలెనా? ఊరిలో అట్టి యిండ్లు అనేకము లుండెను.

గుణదలకు తిరిగి వచ్చిన పిమ్మట మాలో మాకు తగవు పుట్టెను. చివరి ఆటలు జనవరికి వాయిదా పడెను. ఆడవలెనా? కొందరు వలదనిరి. శవములు మోసిన చేతులతో బంతి పట్టుట యెట్లని మా సెంటరు ఫార్వర్డు అడిగెను. పెద్ద సినిమా నటులు ఎన్.టి. రామారావుగారు, నాగేశ్వరరావుగారు మొదలైనవారు వీథులలో జోలెపట్టి చందాలు పోగుచేయుచుండిరి. మేమును ఆట మాని అట్లే చేయుదమని మరియొకడనెను. మా నాయకుని అభిప్రాయము వేరు. చందాలు ఉదయము, ఆట సాయంకాలము అని అతడనెను. "వాడు తిరిగి వస్తే మనము ఆడకుండ కూర్చుని వాడికేమి చూపిస్తాము?" అనెను. నేను ఎటు చెప్పక కొంతకాలము ఊరకుంటిని. పిదప నాయకునితో చేరితిని. ఆట మానుట గౌరవమనువారిని నేను నేటికిని తప్పుపట్టను. కాని మా మైదానమున ఆ చనిపోయినవాని చేతిపని రెండు కొనల వ్రేలాడుచుండెను. దానిని విప్పి మూటకట్టి గదిలో పెట్టుట నాకు ఇష్టము లేకుండెను.

మాష్టారు ఈ తగవులో కలుగజేసికొనలేదు. విరిగిన కొయ్యకు మారు సరుగుడు కొయ్య తెప్పించి సున్నము వేయించిరి. అంతే.

గోలీ స్థానమున మా కుడివైపు వెనుకవానిని నిలిపితిమి. వాడు ధైర్యవంతుడే కాని చేతులతో పని నేర్చినవాడు కాడు. డిసెంబరు నెలయంతయు మేము వానికి బంతులు వేయుట, వాడు వదలుట. ఒకమారు వల దారము తెగిన చోట మాలో నొకడు ముడివేయబోయి, ఎన్ని విధములుగా ప్రయత్నించినను ఆ ముడి రాక విడిచెను.

సంక్రాంతి దాటిన మూడవనాడు గోలీ వచ్చెను. తలగొరిగించుకొని యుండెను. తండ్రి కర్మ జరిపించుటకు తల్లి చివర కొప్పుకొనెనన్న మాట. పరీక్ష రుసుము గడువు దాటియుండగా దానిని కొందరు అధ్యాపకులు తాము కట్టిరి. ఈ సంగతి వానికి చాలకాలము తెలియనీయలేదు. చదువు మానివేయుదునని చెప్పుటకే వచ్చినాడని మేము తలచితిమి. వాడును అట్లే తలచి వచ్చెను. సాయంకాలము మైదానమునకు వచ్చి గట్టుమీద కూర్చుండెను. బంతి ఒకటి వలలో పడెను. లేచి పోయి బంతిని తీయుచు, తెగిన చోటును చూచెను. కూర్చుండి, వ్రేళ్లతో దానిని మూడు నాలుగు ముళ్లలో సరిచేసెను. పిమ్మట చొక్కా విప్పి గోలులో నిలిచెను. మాలో నెవ్వరును రమ్మని పిలువలేదు.

మొదటి ఆట ఒంగోలువారితో. రెండు గోళ్లతో గెలిచితిమి. గోలీ చేతిలోని పని ఏమియు చెడలేదు. వాని కంఠము మాత్రము పోయెను. మునుపు వెనుకనుండి, "ఎడమ! ఎడమ! వదలకురా!" యని నన్ను తిట్టుచుండెడివాడు. ఇప్పుడు నిశ్శబ్దము. నేను నిమిషమున కొకసారి వెనుదిరిగి చూచుకొనవలసి వచ్చెను. వెనుకవానికి అది మంచిది కాదు.

చివరి ఆట గుంటూరివారితో. జనము కాలువగట్టు నిండ నుండిరి. మొదటి సగమున వారొక గోలు కొట్టిరి. రెండవ సగమున మా సెంటరు ఫార్వర్డు దానిని తీర్చెను. ఆట ముగియుటకు పది నిమిషములున్నదనగా వారి కుడి అంచు ఆటగాడు నన్ను దాటెను. వాడు నాకంటె వేగము గలవాడు, ఆ దినమున మంచి ఆట ఆడెను. బంతిని ఎత్తుగా గోలుమీదికి వేసెను. గోలీ చేతులు చాచెను. వెనుకకు లాగుకొనుచు పట్టవలసిన బంతిని ఆ ఒక్కమారు ఎదుర్కొని పట్టబోయెను. చేతులనుండి జారి భుజము తాకి లోపల పడెను. వల పొంగి దానిని దించెను. గట్టుమీద ఎవ్వరో, "బోడిగుండూ, నిద్రపోతున్నావా!" యని అరచిరి. మా నాయకుడు ఆ వంకకు రెండడుగులు వేసి నిలిచిపోయెను. గోలీ బంతిని తీసి నడుమకు విసరెను. చివరివరకు ప్రయత్నించితిమి. రెండొకటిగా ఓడితిమి.

ఆట యైన పిమ్మట గుంటూరి నాయకుడు, ఎవ్వరు చెప్పిరో యేమో, తన జట్టునెల్ల వెంటబెట్టుకొని గోలీ దగ్గరకు వచ్చి చేయి కలిపెను. కప్పును చేతనుంచుకొని వచ్చిన ఒకడు దానిని వీపువెనుక దాచుకొనెను. ఆ చిన్న పని నాకు నేటికిని కన్నులకు కట్టినట్లున్నది.

ఆ ఏటి మా ఆట అంతటితో సరి. ఫిబ్రవరి తిరునాళ్లకు యాత్రికులు వచ్చి మా మైదానమున పొయ్యిలు పెట్టుకొనిరి. జనము పలుచబడిన సాయంకాలము గోలీ మాష్టారి యొద్దకు వచ్చెను. ఊరిలో క్రొత్తగా తాటాకు గుడిసె వేసిరట. సముద్రపు గాలికి ఆకు ఎగురుచున్నదట. ఆ ప్రక్క పల్లెలలో కప్పుమీద పాత వల పరచి, దాని అంచులను నాలుగు దిక్కుల గుంజలకు కట్టుదురు. చేపల వలలన్నియు ఉప్పెనలో పోయెను.

"ఆ వలలు మీ నాన్నవి. రెండును తీసుకొని పో" అనిరి మాష్టారు.

"ఒకటి చాలునండీ. ఇల్లు చిన్నది" అని వాడు పడమటివైపు వలను విప్పి మూటకట్టి బస్సెక్కెను.

1990 మే 9వ తేదీన మరల అంతటి తుపాను మన తీరమును తాకెను. ఆనాటికి ఆశ్రయ భవనములు కట్టియుండుటచేతను, ముందుగా జనమును తరలించుటచేతను చనిపోయినవారు వేయికి లోపుగా నుండిరి. ఆ గుడిసె అప్పటికి లేదు. దాని స్థానమున పెంకుటిల్లు వేసిరి. గోలీ పట్టపరీక్షలో నెగ్గి, తన ప్రాంతముననే యొక పాఠశాలలో పిల్లలకు ఆటలు నేర్పు పనిలో చేరెను.

మా మైదానమున మరుసటి యేడు తూర్పు కొనను వలయు, పడమటి కొనను వట్టి కొయ్యలును ఉండెను. బంతి లోపలనుండి పోయెనా, బయటనుండి పోయెనా యను తగవు ఆ యొక్క కొనయందు మరల మొదలయ్యెను.